ముందు ఏడ్చేవాడిని బాగుచేద్దాం

స్కూల్లో ఒక పిల్లాణ్ణి నలుగురు కలిసి రోజూ ఏడిపిస్తుంటే పెద్దవాళ్లు పట్టించుకోరని ఒక అపవాదు ఉంది. పచ్చి అబద్ధం. పెద్దవాళ్లు వెంటనే పట్టించుకుంటారు. ఎంత వెంటనే అంటే, పిల్లాడు "సార్, వాళ్లు నన్నూ..." అని మొదలుపెట్టి మాట పూర్తి చేసేలోపే "ముందు నువ్వేం చేశావో చెప్పు" అని విచారణ మొదలైపోతుంది. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాడు అక్కడికక్కడే ముద్దాయి అయిపోయేంత వేగం ఏ దేశపు కోర్టుకీ లేదు.

ఆ తర్వాత రెండో ప్రశ్న. "ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు అంటారు?" చాలా లోతైన ప్రశ్న ఇది. పదేళ్ల పిల్లాడు దీనికి జవాబు వెతుక్కుంటూ రాత్రంతా పడుకోడు. లావుగా ఉన్నందుకా, నత్తి ఉన్నందుకా, మార్కులు ఎక్కువ వచ్చినందుకా, తక్కువ వచ్చినందుకా, మధ్యలో వచ్చి చేరినందుకా అని తనలోని లోపాలన్నీ ఒక్కొక్కటే ఏరుకుంటాడు. వాటిలో కొన్ని ఏడిపించేవాళ్లకి కూడా తట్టి ఉండవు. ఇంత ఆత్మపరిశీలన ఏ పాఠ్యపుస్తకం నేర్పుతుంది చెప్పండి?

ఈ మధ్య చదువుకున్నవాళ్లు ఎక్కువైపోయి దీనికి నిర్వచనాలు, పరిశోధనలు అంటున్నారు. నార్వేలో పనిచేసిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద 1973లోనే పుస్తకం రాశాడు. ఆయన లెక్కలో మూడు విషయాలుంటే అది బుల్లీయింగ్: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి బలంలో తేడా ఉండటం. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మనవాళ్లు ఎప్పుడో అన్నదే కదా, దీనికో పుస్తకం ఎందుకు అనిపించొచ్చు. పెద్దలకీ అలాగే అనిపించినట్టుంది, తొందరపడలేదు. 1982లో నార్వేలో ముగ్గురు అబ్బాయిలు, బహుశా ఇలాంటి వేధింపుల వల్లే, తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. 1983లో నార్వే ప్రభుత్వం దేశమంతా స్కూళ్లలో కార్యక్రమం మొదలుపెట్టింది. పుస్తకానికీ కార్యక్రమానికీ మధ్య పదేళ్లు. పెద్దలు ఏదైనా నింపాదిగా ఆలోచించి చేస్తారు మరి.

అయినా మూడో షరతు ఉంది చూశారూ, బలంలో తేడా, దాన్ని మనం ఒప్పుకోలేం. ఒప్పుకుంటే ఎవరో ఒకరి పక్షం తీసుకోవాల్సి వస్తుంది. అందుకే మన దగ్గర "రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు" అనే సిద్ధాంతం సిద్ధంగా ఉంటుంది. ఒక చెయ్యి, ఒక చెంప కలిసినా చప్పుడు వస్తుందని పిల్లలకి తెలుసు కానీ, వాళ్ల అనుభవం చిన్నది, పట్టించుకోనక్కర్లేదు.

ఈ సిద్ధాంతం మీద కట్టిందే షేక్‌హ్యాండ్ పద్ధతి. ఇద్దరినీ ఆఫీసు రూములో పక్కపక్కన నిలబెట్టి, "సారీ చెప్పు, నువ్వూ చెప్పు, చేతులు కలపండి, ఇకనుంచి ఫ్రెండ్స్" అంటారు. ఏడాదిగా నడుస్తున్న వ్యవహారం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సమాన బలం ఉన్న ఇద్దరి మధ్య గొడవైతే రాజీ కుదర్చొచ్చు కానీ, ఒకడు వేటాడుతూ ఇంకొకడు దాక్కుంటున్నప్పుడు రాజీ అంటే ఎవరు ఎంత తగ్గాలి అని కొందరు వితండవాదం చేస్తారు. సగం సగం. రోజుకి నాలుగుసార్లు కొట్టేవాడు రెండుసార్లు కొట్టాలి, మిగతా రెండుసార్లకి వీడు సర్దుకుపోవాలి. పైగా చెయ్యి కలిపేటప్పుడు అవతలివాడు వేళ్లు ఎంత గట్టిగా నొక్కాడో సార్‌కి కనిపించదు. రూము బయట "చెప్తావురా, చెప్తావా" అన్నది కూడా వినిపించదు, అప్పటికే తలుపు వేసేశారు కాబట్టి.

ఇక ఇంట్లో సలహాలు. అమ్మ "వాళ్ల జోలికి వెళ్లకు నాన్నా, పట్టించుకోకపోతే వాళ్లే మానేస్తారు" అంటుంది. నాన్న "ఒకటి తగిలించి రా, మళ్లీ నీ జోలికొస్తే అడుగు" అంటాడు. స్కూలేమో "చెయ్యి ఎత్తితే టీసీ ఇచ్చి పంపిస్తాం" అంటుంది. పిల్లాడు ఈ మూడూ ఒకేసారి పాటించాలి.

అమ్మ చెప్పింది చూద్దాం. అదే సలహా పెద్దవాళ్లకి ఇచ్చి చూడండి. మీ ఆఫీసులో ఒకాయన రోజూ మీ బ్యాగు దాచేస్తాడు, నడుస్తుంటే కాలు అడ్డం పెడతాడు, మీరు మీటింగ్‌లో నోరు తెరవగానే మీ గొంతు అనుకరిస్తాడు, మీరొచ్చి కూర్చోగానే ఆ టేబుల్ దగ్గరున్నవాళ్లంతా లేచి వెళ్లిపోతారు. పై అధికారికి చెప్తే ఆయన ఫైల్లోంచి తలెత్తకుండా "ఇగ్నోర్ చేయండి" అంటాడు. మీరు ఆ సాయంత్రానికల్లా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడతారు, లాయర్‌ని కలుస్తారు, ఏమీ కాకపోతే రాజీనామా పడేస్తారు. పిల్లాడికి రాజీనామా లేదు. తెల్లారితే మళ్లీ అదే గదికి వెళ్లాలి, కడుపునొప్పి అంటే అది కూడా నాటకం కిందే లెక్క.

నాన్న మాట విన్నాడనుకోండి, అది ఇంకా బాగుంటుంది. ఏడిపించేవాడికి టీచర్ చూపు ఎప్పుడు ఎటు తిరుగుతుందో నిమిషాలతో సహా తెలుసు. వీడికి తెలియదు. కాబట్టి వంద దెబ్బల్లో టీచర్ కంటపడేది వీడు కొట్టిన ఆ ఒక్కటే. ఇద్దరికీ సమానంగా సస్పెన్షన్ పడుతుంది, న్యాయం జరుగుతుంది. కారణం అడగకుండా అందరికీ ఒకే కఠిన శిక్ష వేసే పద్ధతిని అమెరికాలో జీరో టాలరెన్స్ అని చాలాకాలం గొప్పగా నడిపారు. దానివల్ల స్కూళ్లు సురక్షితంగా మారిన దాఖలా లేదని అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం నియమించిన బృందం 2008లో తేల్చింది. తేలిస్తే తేల్చారు, వినడానికి గట్టిగా ఉంది కదా.

"ఇవన్నీ పడితేనే పిల్లలు రాటుదేలుతారు" అనేది మరో మాట. దీన్ని కూడా ఎవరో పరీక్షించారు. బ్రిటన్‌లో 1958లో పుట్టిన పిల్లలను యాభయ్యేళ్ల వయసు దాకా గమనిస్తూ వచ్చి, 2014లో ఫలితాలు బయటపెట్టారు. ఏడేళ్లప్పుడు, పదకొండేళ్లప్పుడు తరచూ ఇలాంటి వేధింపులకి గురైనవాళ్లలో యాభయ్యేళ్లకి కూడా డిప్రెషన్, ఆందోళన మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపించాయి. అంటే నలభై ఏళ్లు గడిచినా రాటుదేలడం ఇంకా మొదలు కాలేదన్నమాట. కొంచెం ఓపిక పట్టాలి.

చుట్టూ నిలబడి చూసేవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. కెనడాలో పరిశోధకులు స్కూలు ఆటస్థలంలో కెమెరాలు, మైకులు పెట్టి చూశారు. పదింటిలో దాదాపు తొమ్మిది సంఘటనల్లో తోటి పిల్లలు చుట్టూ ఉన్నారు, కానీ కలగజేసుకున్నది 19 శాతం సందర్భాల్లోనే. అలా కలగజేసుకున్నప్పుడు సగానికి పైగా సార్లు పది సెకన్లలో ఆగిపోయింది. పది సెకన్లు! మన స్కూలు కమిటీ మొదటి సమావేశానికి తేదీ కూడా తేలదు అంతసేపట్లో. ఫిన్లాండ్‌వాళ్లు ఈ కిటుకు పట్టుకుని తుర్కు విశ్వవిద్యాలయంలో కివా అనే కార్యక్రమం తయారుచేశారు. ఏడిపించేవాడి సంగతి చూస్తూనే, వాడికి వంతపాడి నవ్వేవాళ్ల మీద ఎక్కువ దృష్టి పెట్టారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చింది అన్న సామెత వాళ్లకి ఎవరు చెప్పారో తెలియదు. మనకి పుట్టినప్పటినుంచీ తెలుసు, అందుకే దాన్ని స్కూల్లో వాడే అవసరం రాలేదు.

మనం మాత్రం పోస్టర్ పోటీ పెడతాం. స్కూళ్లలో హింసకు, వేధింపులకు వ్యతిరేకంగా యునెస్కో ప్రకటించిన రోజు కూడా ఒకటుంది, నవంబరు మొదటి గురువారం, కాబట్టి తేదీ వెతుక్కునే పనిలేదు. "తోటివారిని గౌరవిద్దాం" అని అందమైన అక్షరాలతో రాసినవాడికి మొదటి బహుమతి. తరగతిలో అందరినీ హడలెత్తించేవాడి చేతిరాత బాగుంటే ఆ బహుమతి వాడికే వస్తుంది. చప్పట్లు కొట్టకపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి అందరూ గట్టిగా కొడతారు.

ఇంతకీ ఈ మారుపేర్లు పిల్లలకి ఎక్కణ్ణుంచి వస్తాయి అని పెద్దవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. "ఏరా సోడాబుడ్డీ, బోర్డు కనిపిస్తోందా?" అని మొదట పిలిచింది లెక్కల మాస్టారు. సరదాకే. క్లాసంతా నవ్వింది, ఆయనకి ఆ రోజు పాఠం బాగా నడిచిందనిపించింది. నామకరణం పెద్దలు చేశాక పిల్లలు ఆ పేరుతో పిలవకపోతే అది పెద్దల్ని అగౌరవపరచడం కాదా? పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో కూడా చూడండి. ఒక తల్లి "మా బాబుని రోజూ కొడుతున్నారు, మీ పిల్లలకి కాస్త చెప్పండి" అని మెసేజ్ పెడుతుంది. గంటసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో నవ్వే బొమ్మ పెడతారు. ఇంకెవరో హోంవర్క్ అడుగుతారు. సాయంత్రానికి ఆవిడ లేకుండా ఇంకో గ్రూపు తయారవుతుంది, "ఆవిడ మరీ సెన్సిటివ్ అండీ" అని అక్కడ మాట్లాడుకుంటారు. పిల్లలు ఇవన్నీ ఫోన్లో చూసి చెడిపోతున్నారని కూడా అక్కడే బాధపడతారు.

చివరికి ఎక్కువమంది ఒప్పుకునే పరిష్కారం ఒకటుంది. దెబ్బలు తినేవాడిని స్కూలు మార్పించేయడం. కొట్టేవాడిని కదిలిస్తే వాళ్ల నాన్న వస్తాడు, గొడవ. వీడు వెళ్లిపోతే ఆ తరగతిలో ఆ మర్నాటినుంచి ఒక్క ఫిర్యాదూ ఉండదు, కనీసం ఇంకొకడు దొరికేదాకా. కొత్త స్కూలు దరఖాస్తులో "పాత స్కూలు మానేయడానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. అసలు సంగతి రాస్తే "సమస్యలున్న పిల్లాడేమో" అనుకుంటారని తల్లిదండ్రులు అందులో "ఇంటికి దూరం" అని రాస్తారు. పాత స్కూలు కూడా తన రిజిస్టర్లో అదే రాసుకుంటుంది. ఏడాదంతా ఒక్క విషయంలోనూ కలవని రెండు పక్షాలూ అక్కడ మాత్రం అక్షరం తేడా లేకుండా కలుస్తాయి.