కార్డు కనపడకపోతే బోర్డు పోయినట్టేనా?

ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు కనపడట్లేదని షాపుకి తీసుకెళ్తే చాలు, వెనక మూత కూడా విప్పకుండా "బోర్డు పోయింది సార్" అనేస్తున్నారు. మా అక్క చిట్టీ ఎత్తి మరీ కొడుక్కి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చింది, వాడు బీటెక్‌లో ఏవో మోడల్స్ ట్రెయిన్ చేయాలంటే ఎన్విడియా కార్డు ఉండాలట. ఉన్నట్టుండి టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 1, అంటే ఆ గ్రాఫిక్స్ కార్డు, మాయం. షాపతను ముందు విండోస్ ఫార్మాట్ కొట్టాడు, అయినా రాలేదు కాబట్టి మదర్‌బోర్డు మార్చాలి, 38 వేలవుతుంది అన్నాడు. ఏం పోయిందని అడిగితే "చిప్ షార్ట్ అయ్యుంటుంది సార్". అయ్యుంటుందేంటండీ? మల్టీమీటర్ పెట్టి చూశారా అంటే సమాధానం లేదు.

అసలు సంగతి ఇది. ఇప్పుడొచ్చే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, అందులో బ్యాటరీ ఆదా కోసం ఎకో అనో, ఐజీపీయూ అనో ఒక మోడ్ పెడతారు. అది నొక్కితే కార్డుకి కరెంటే ఆగిపోతుంది, స్క్రీన్‌ని ప్రాసెసర్‌లో ఉన్న ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ గ్రాఫిక్సే నడిపిస్తుంది కాబట్టి పైకి ఏ తేడా తెలీదు, యూట్యూబ్ హాయిగా ఆడుతుంది. కొన్ని మోడళ్లలో ఈ సెట్టింగు విండోస్‌లో కాదు, ఫర్మ్‌వేర్‌లో, అంటే మదర్‌బోర్డు చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లో కూర్చుంటుంది. ఫార్మాట్ కొడితే దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్ పోతుంది గానీ సెట్టింగు అలాగే మిగులుతుంది. బీరువాకి తాళం వేసి చెవి చెత్తబండిలో పడేసినట్టన్నమాట. మావాడిది అచ్చంగా ఇదే కేసు. కంపెనీ సైట్ నుంచి ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసి, మోడ్ స్టాండర్డ్‌కి మార్చి రీస్టార్ట్ చేస్తే "మామయ్యా, వచ్చేసింది!" అని ఫోన్లోనే అరిచాడు. ఖర్చు సున్నా.

నా కోపం ఆ షాపతని ఒక్కడి మీదే కాదు. కార్డుకి కరెంటు ఆపేసే బటన్ పెట్టినప్పుడు, "మీ కార్డు ఆఫ్‌లో ఉంది" అని విండోస్‌లో కనపడేలా ఒక్క ముక్క రాయడానికి ఈ కంపెనీలకి ఏం రోగం?

షాపుకి వెళ్లేముందు మీరే చూసుకోండి. డివైస్ మేనేజర్ తెరిచి వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కండి. కార్డు పేరు మసగ్గా కనిపించి, లోపల కోడ్ 45 అని ఉంటే, విండోస్‌కి అది గుర్తుంది గానీ ప్రస్తుతం తగిలించి లేదని అర్థం. మోడ్ సెట్టింగు, బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే ఆ ఫర్మ్‌వేర్ మెనూ) సెట్టింగు చూడాల్సింది అప్పుడే. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే, ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వెండర్ (VEN) దగ్గర 10డీఈ అని ఉందా, అది ఎన్విడియానే, కార్డు విండోస్‌కి కనపడుతోంది, చాలావరకు డ్రైవర్ (కార్డుని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) లేకపోవడమే. విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌ని కలగాపులగం చేసిందని అనుమానమైతే సేఫ్ మోడ్‌లో డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే టూల్‌తో పాతది మొత్తం తుడిచేసి, కంపెనీ ఇచ్చిన వెర్షన్ వేయండి. ఛార్జర్ పీకి, ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, పవర్ బటన్ అర నిమిషం పైనే నొక్కిపట్టడం కూడా ఒక్కోసారి పనిచేస్తుంది, నవ్వకండి. ఇవన్నీ అయ్యాక, మోడ్ మార్చి, బయోస్ డిఫాల్ట్‌కి తెచ్చి, పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచిత లినక్స్) బూట్ చేసి, తగిలించి ఉన్న కార్డుల జాబితా చూపించే ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొట్టినా కార్డు జాడ లేకపోతే, అప్పుడు హార్డ్‌వేర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

నిజంగా పోయేవి లేవని కాదు. 2008 జులైలో ఎన్విడియానే తన ల్యాప్‌టాప్ చిప్‌లలో ప్యాకేజింగ్ మెటీరియల్ బలహీనంగా ఉందని ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్ల దాకా పక్కన పెట్టింది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి చిప్ లోపల కనెక్షన్లు కలిపే సోల్డర్ (టంకం) బొడిపెలు చిట్లేవి. అప్పట్నుంచే హీట్ గన్ వైద్యం బాగా పాపులరైంది. బోర్డు మీద వేడిగాలి కొడితే చిట్లిన చోట మళ్లీ కాస్త అతుక్కుని కార్డు లేచి కూర్చుంటుంది, కొన్నాళ్లకి మళ్లీ పడుకుంటుంది. చిప్ లెవెల్ పని నిజంగా తెలిసినవాళ్లు ఉన్నారు, ముందు పవర్ లైన్లు కొలిచి, చిప్ పోయిందా, దాని చుట్టూ ఉన్న చిన్న భాగమేదైనా పోయిందా చెప్తారు, వాళ్లకి డబ్బులిచ్చినా బాధ ఉండదు.

ఈ హీట్ గన్ సరుకు చివరికి చేరేది సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కే. గేమింగ్ ల్యాప్‌టాప్ పాతది కొంటుంటే డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు చూసి మురిసిపోకండి, డబ్బులిచ్చే ముందు ఛార్జర్ పెట్టి అరగంట ఏదైనా బరువైన గేమ్ ఆడించండి. అమ్మేవాడు "టైమ్ లేదు బ్రో" అంటే లేచి వచ్చేయండి.