ఒక్క గొడుగు కొన్న నేరానికి

అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత పుట్టేనాటికి ఈమెయిల్ పుట్టలేదు. ఈ ఉదయం నేను నిద్ర లేచేసరికి నా ఖాతాలో 43 ఉత్తరాలు చేరి ఉన్నాయి. సులువుగా అప్పిస్తామన్నవారు, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామన్నవారు, వారసులు లేకుండా కన్నుమూసిన ఒక కోటీశ్వరుడి ఆస్తిని నా పేర రాయడానికి నా బ్యాంకు వివరాలు తప్ప మరేమీ అక్కర్లేదన్నవారు, ఇలా నా యోగక్షేమాల కోసం రాత్రంతా మేలుకున్నవారి ఉత్తరాలను పళ్లయినా తోముకోకముందే చెరిపివేశాను. మర్యాదస్థుడు చేయదగిన పని కాదని ఒప్పుకుంటాను.

వాటిలో ప్రత్యేకించి నాకే రాసినట్టు కనిపించినది ఒక్కటే, అది బెదిరింపు. విశేషమేమంటే, పంపినవారి చోట నా చిరునామాయే ఉంది. నీ కంప్యూటర్ నా వశమైంది, నీ గుట్టంతా నాకు తెలుసు, రెండు రోజుల్లో బిట్‌కాయిన్లు పంపకపోతే నలుగురిలో పెడతాను అని నన్ను నేనే హెచ్చరించుకున్నానన్నమాట. ఈమెయిల్‌కు 1982లో రాసుకున్న నియమాల్లో పంపినవారు చెప్పిన పేరును నమ్మడమే తప్ప నిలదీసే ఏర్పాటు లేదు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్న కొద్దిమందీ చాలావరకు ఒకరినొకరు ఎరిగినవారే కనుక తలుపుకు గడియ పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఊరు పెరిగాక బిగించడం మొదలుపెట్టారు, ఇంకా బిగిస్తూనే ఉన్నారు. నా గుట్టు ఎంత చప్పనిదో నాకు తెలుసు కనుక భయపడలేదు గాని, నన్ను నేను ఏకవచనంలో అంత కటువుగా పిలుచుకోవడం మాత్రం మనసుకు కష్టంగా తోచింది.

అడగని ఉత్తరాలను మూకుమ్మడిగా పంపే ఈ కళకు, అంటే స్పామ్‌కు, ఆద్యుడిగా చెప్పే పేరు గ్యారీ థ్యూర్క్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో మార్కెటింగ్ చూసే ఈయన 1978 మే 3న, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి, తమ కొత్త యంత్రాలను చూడడానికి రమ్మని ఒకే పిలుపు పంపారు. చిరునామాల చోటు చాలక కొన్ని పొంగి ఉత్తరం లోపలికి కూడా వచ్చిపడ్డాయి. అందుకున్నవారు మండిపడ్డారు, నెట్‌వర్క్ పెద్దలు చీవాట్లు పెట్టారు, యంత్రాలు మాత్రం అమ్ముడయ్యాయి. ఆ చివరి ముక్క లేకపోతే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

తరవాతి తరం వారి ఓర్పు ఎంతటిదో తెలియాలంటే 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు వేసిన లెక్క చూడాలి. స్పామ్ పంపే ఒక ముఠా యంత్రాంగంలోకి చొరబడి, మందుల ప్రకటనలు మోసుకుపోయిన సుమారు 35 కోట్ల మెయిళ్ల గతి ఏమైందో 26 రోజులపాటు గమనిస్తే, చివరికి కొనబోయినవారు 28 మంది తేలారు. కోటీ పాతిక లక్షల గుమ్మాలు తొక్కితే ఒక్క బేరం! మనం పది దరఖాస్తులు పెట్టి పదకొండోదానికే నీరుగారిపోతాం. ఆ 28 బేరాల్లో 27 మగతనం పెంచే మందులవేనన్న వివరాన్ని పాఠకుల విచక్షణకు వదిలేస్తున్నాను. 2004 జనవరిలో బిల్ గేట్స్ దావోస్‌లో, రెండేళ్లలో స్పామ్ పీడ విరగడవుతుందని భరోసా ఇచ్చారు. ఆయన ఈ 28 మందిని లెక్కలోకి తీసుకోలేదు.

ఇంతటి ప్రవాహానికి అడ్డంగా ఫిల్టర్ అనే న్యాయాధికారి కూర్చుని ఉన్నారు. ఆయన ధర్మశాస్త్రానికి మూలాల్లో ఒకటి, 1761లో కన్నుమూసిన థామస్ బేయస్ అనే ఇంగ్లండు మతబోధకుడి సంభావ్యతా సూత్రం: ఏ మాట చెత్త ఉత్తరాల్లో ఎంత తరచుగా, మంచి ఉత్తరాల్లో ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టి, కొత్త ఉత్తరం ఏ జాతిదో తేల్చడం. వినడానికి బాగానే ఉంది. కానీ కప్పకూ పాముకూ మధ్య తీర్పు చెప్పవలసినవారు ఎవరిని మెప్పించగలరు? నా బాల్యమిత్రుడు ఇరవై ఏళ్ల తరవాత ‘శుభవార్త! వెంటనే ఫోన్ చెయ్యి’ అని శీర్షిక పెట్టి కూతురి పెళ్లి కబురు పంపితే, ఆ మాటల పోకడ చూసి ఆయన దాన్ని స్పామ్ ఫోల్డర్‌లో వేశారు. అక్కడ పడినవాటికి 30 రోజుల గడువు, ఆపైన చెరిపివేత. పెళ్లికి వెళ్లలేకపోయాను. అప్పటి నుంచి జైలు తనిఖీకి వెళ్లినట్టు వారానికోసారి ఆ ఫోల్డర్ అంతా కలయజూస్తున్నాను. అంటే, చెత్త చదవకుండా ఉండడానికి చేసుకున్న ఏర్పాటు పుణ్యమా అని చెత్తను శ్రద్ధగా చదువుతున్నాను.

అయినా దొంగల మీద నాకు అంత కోపం లేదు. నా ఫిర్యాదు దొరల మీద. మూడేళ్ల కిందట నేను ఆన్‌లైన్‌లో ఒక గొడుగు కొన్నాను. డబ్బు కట్టే పేజీలో, మా కబుర్లు పంపవచ్చునన్న గడిలో ముందే పెట్టి ఉన్న టిక్కును తీసివేయడం మరిచాను. ఆనాటి నుంచి వారానికి మూడు చొప్పున ఇప్పటికి 468 ఉత్తరాలు వచ్చాయి. రావణాసురుడికైనా పది గొడుగులు చాలు, అవీ ఒకే భుజాల మీద ఉన్న తలలు కనుక పెద్దది ఒకటైనా సరిపోతుంది. ఉత్తరం తెరవగానే చుక్కంత, కంటికి ఆనని బొమ్మ ఒకటి వారి సర్వర్ నుంచి దిగి, నేను చదివిన ఘడియను వారికి చేరవేస్తుంది. మా ఇంట్లో వాళ్లెవరూ నన్ను ఇంతగా కనిపెట్టుకుని ఉండరు.

వద్దని చెప్పే దారి లేకపోలేదు. ఉత్తరం అట్టడుగున, లేత బూడిదరంగు మీద అంతకన్నా లేత బూడిదరంగులో, చీమ కూడా కళ్లద్దాలు అడిగేంత చిన్నగా అన్‌సబ్‌స్క్రైబ్ అన్న మాట ఉంటుంది. దొంగ ఉత్తరంలోనిదైతే దాన్ని నొక్కకూడదు, నొక్కితే ఈ ఇంట్లో మనుషులున్నారని మనమే చెప్పినట్టు, దుకాణానిదైతే నొక్కాలి. నొక్కాను. లాగిన్ అవ్వమన్నారు. మూడేళ్ల నాటి పాస్‌వర్డ్ గుర్తు లేదంటే, కొత్తది పెట్టుకునే లింకు మెయిల్ చేశామన్నారు. అది ఎంతకీ కనిపించలేదు. 468 ఉత్తరాలను తలెత్తి చూడకుండా లోపలికి పంపిన మా న్యాయాధికారి, ఆ దుకాణం నుంచి నాకు నిజంగా కావలసిన ఆ ఒక్కదాన్ని స్పామ్‌లో వేశారు. వెతికి తీసేసరికి లింకు గడువు దాటింది. రెండోసారి లోపలికి వెళ్లగలిగాను. ఎందుకు వెళ్లిపోతున్నారని అడుగుతూ అయిదు కారణాలు చూపించారు. వాటిలో నాది లేదు కనుక ‘ఇతరములు’ ఎంచుకుని, నా దగ్గర గొడుగు ఉందని రాశాను.

పది పనిదినాల్లో నా కోరిక నెరవేరుతుందని జవాబు వచ్చింది. అమెరికా 2003లో చేసిన స్పామ్ చట్టం ఇచ్చే గడువు కూడా సరిగ్గా అంతే కనుక పేచీ పెట్టలేదు. నేను డబ్బు కట్టిన నిమిషానికే మొదటి ఉత్తరం పంపగలిగిన యంత్రానికి, ఆపడానికి రెండు వారాలు కావాలంటే దానికీ ఏవో కష్టాలు ఉంటాయి. గడువు ముగిసిన మర్నాడు అదే దుకాణం నుంచి మరో ఉత్తరం వచ్చింది. నేను గొడుగుల కబుర్లు మాత్రమే వద్దన్నానని, రెయిన్‌కోట్ల విషయంలో నా అభిప్రాయం తమకు తెలియజేయలేదని అందులో ఉంది. న్యాయంగా చూస్తే, నేను తెలియజేయని మాట నిజమే.