అసలైన బ్యాంజో నిర్ధారణ సంఘం కావాలి

డప్పులాంటి తోలు ముఖానికి మెడ, తీగలు బిగించిన వాద్యం బ్యాంజో. దాన్ని కొందామనుకున్నవారికి మొదట వచ్చే సందేహం, ఎన్ని తీగలున్నది కొనాలని. అడిగిన ప్రతి ఒక్కరూ తమ చేతిలో ఉన్నదే అసలైనదని, తక్కినవన్నీ ఏవో డబ్బాలని చెబుతారు. ఈ అరాచకాన్ని ఆపడానికి ప్రభుత్వాలు వెంటనే ఒక సంఘాన్ని వేయాలి. వాయించడం రానివాళ్లే అందులో సభ్యులుగా ఉండాలి. వచ్చినవాళ్లు పక్షపాతులు.

మొదటి అర్జీ ఐదు తీగల బ్యాంజోది. నాలుగు తీగలు మెడ చివరి నుంచి పద్ధతిగా బయలుదేరతాయి. ఐదోదైన పొట్టి తీగ మాత్రం ఐదో మెట్టు దగ్గర, కదిలే బస్సెక్కిన కుర్రాడిలా, మధ్యలో ఎక్కుతుంది. ఆలస్యంగా వచ్చిందే కాక అందరికంటే హెచ్చు స్థాయిలో అరుస్తుంది కూడా. బొటనవేలు దాన్ని శ్రుతిలా మోగిస్తూనే ఉండాలి.

ఈ ఐదు తీగలవాళ్లైనా ఒక్కమాట మీద ఉన్నారా అంటే లేరు. 1945 డిసెంబరులో నార్త్ కరోలినా కుర్రాడు ఎర్ల్ స్క్రగ్స్ గాయకుడు బిల్ మన్రో బృందంలో చేరి మూడు వేళ్లతో వాయించిన తీరే, బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం వాయించేవాళ్లకు వేదం. బొటనవేలికి ప్లాస్టిక్ గోరు, మరో రెండు వేళ్లకు లోహపు గోళ్లు తొడుక్కుని ‘రోల్’ అనే వేళ్ల వరసలు తిప్పుతూ కూర్చోవాలి. పాట ఎప్పుడొస్తుందని ఇంట్లోవాళ్లు అడగకూడదు. క్లాహామర్ అనే మరో పద్ధతివాళ్లకు ఈ తొడుగులంటే గిట్టదు. సొంత గోటితో తీగను కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో ఐదో తీగ మీటడం వారి ఆచారం. ఖర్చు తక్కువే. కాకపోతే గోరు విరిగితే సాధనకు సెలవు.

నాలుగు తీగల టెనర్ బ్యాంజోకు ఈ గొడవ పట్టదు. పొట్టి తీగ లేదు, తొడుగుల్లేవు, చేతిలో తీగ మీటే చిన్న బిళ్ల ఉంటే చాలు. ఒకప్పుడు జాజ్ బృందాల్లో సి, జి, డి, ఎ శ్రుతిలో మోగింది. ఐరిష్‌వాళ్లు దాన్ని జి, డి, ఎ, ఇ కి దించి, ఫిడేలుకు సరిగ్గా ఒక స్థాయి కింద నిలబెట్టారు. ఫిడేలో మాండలినో వచ్చినవాళ్లకు వేళ్లు ఎక్కడ పెట్టాలో ముందే తెలుసు కాబట్టి, కష్టపడలేదన్న నేరం కింద వారిపై విచారణ జరపాలి.

ఆరు తీగలది కొనేవాళ్లు గిటారు వచ్చి, ఇంకేమీ నేర్చుకోదలచనివాళ్లని అందరూ ఏకగ్రీవంగా వెక్కిరిస్తారు. కానీ జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ బృందంలో జానీ సెంట్ సిర్ వాయించింది అదే. ఈ సాక్ష్యాన్ని సంఘం రికార్డుల్లోంచి తొలగించడం మంచిది.

సంప్రదాయం సంగతి ఇంకా సున్నితం. బ్యాంజో అంటే అమెరికా కొండ ప్రాంతపు తెల్ల తాతల ఆస్తి అని చాలామంది నమ్మకం. నిజానికి పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు ఎండిన సొరకాయ బుర్రకు తోలు బిగించి ఆ వాద్యాన్ని అక్కడ నిలబెట్టారు. పొట్టి తీగను కనిపెట్టిన ఘనతను 1830ల నాటి జోయెల్ స్వీనీ అనే తెల్ల ప్రదర్శకుడికి చాలాకాలం కట్టబెట్టారు. అతను పుట్టకముందే, 18వ శతాబ్దం చివర్లో దక్షిణ కరోలినాలో గీసిన నీటిరంగుల చిత్రంలో ఒక నల్లజాతి వాద్యకారుడి చేతిలో ఆ పొట్టి తీగ కనిపిస్తోంది. చిత్రానికి పరదా కప్పితే అందరి పరువూ దక్కుతుంది.

ఇంతలో మన దేశం నుంచి బుల్‌బుల్ తరంగ్ కూడా బ్యాంజో పేరుతోనే అర్జీ పెట్టుకుంది. బల్ల మీద పడుకోబెట్టి, టైప్‌రైటర్‌లా మీటలు నొక్కుతూ వాయించే ఈ వాద్యానికి తోలూ లేదు, మెడా లేదు. దీని పూర్వీకుడు 1912లో జపాన్‌లో పుట్టిన తైషోగోతో. పాస్‌పోర్టు పరిశీలనలో ఉంది.

తీర్పు వచ్చేలోగా కొత్తవాళ్లకు తాత్కాలిక ఉత్తర్వులు. ఏ వాయింపు విని మనసు పడ్డారో దానికి తగ్గదే కొనాలి. ఈ నియమం మరీ తేలిగ్గా ఉంది కాబట్టి ఎవరూ పాటించరని తెలుసు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు శబ్దాన్ని ముందుకు విసిరే వెనక చెక్క, అదే రెజొనేటర్, లేనిది తీసుకోవాలి. దాని లోపల పాత గుడ్డ కుక్కితే మోత ఇంకా తగ్గుతుంది. ఆ గుడ్డ ఎంత మందంగా ఉండాలో నిర్ణయించే అధికారం పై అంతస్తు వాళ్లకే ఇవ్వాలి.