ఈఏ మార్పు ఒక్క ఆటకేనా?

వీడియో గేమ్‌ల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) బాగుపడిందన్న మాట ఇప్పుడు గేమర్ల నోట వినిపిస్తోందంటే, ఆ పుణ్యం తుపాకీ యుద్ధాల ఆట ‘బ్యాటిల్‌ఫీల్డ్ 6’దే. 2025 అక్టోబరు 10న విడుదలై, మూడు రోజుల్లో 70 లక్షల కాపీలు అమ్ముడైంది. 2012, 2013లో వరసగా అమెరికాలో ‘అత్యంత చెత్త కంపెనీ’గా జనం ఓట్లేసి ఎన్నుకున్న సంస్థ ఇది. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఎంతవరకు?

‘బ్యాటిల్‌ఫీల్డ్ 4’ ఆడినవారికి గుర్తుండే ఉంటుంది. గోడ చాటుకు వెళ్లిపోయాక కూడా తూటా తగిలేది. కారణం, సర్వర్ నుంచి ఎదుటివారి కదలికలు సెకనుకు 10 సార్లే రావడం. తెర మీద కనిపించే శత్రువు సెకనులో పదో వంతు దాకా పాతవాడన్నమాట; నెట్ ఆలస్యం దానికి అదనం. 2013 డిసెంబరులో మిగతా పనులు ఆపి మరమ్మతుకు కూర్చున్నారు. ఆ 10ని 30కి, తర్వాత పీసీ సర్వర్లలో 60కి పెంచాక గానీ ఆట దారిన పడలేదు.

బుద్ధి వచ్చిందా అంటే, 2021 నవంబరులో ‘బ్యాటిల్‌ఫీల్డ్ 2042’ వచ్చింది. 128 మందిని ఒకే మైదానంలో దించారు గానీ జట్టులో మాట్లాడుకోవడానికి వాయిస్ చాట్ పెట్టలేదు. అది 2022 ఏప్రిల్‌లో వచ్చింది. బీటా (జనంతో ముందస్తు పరీక్ష) పెట్టింది విడుదలకు నెలన్నర ముందు, అదీ ఆట తయారీలోని పాత బిల్డ్‌తో. తప్పులు దొరికినా దిద్దే వ్యవధి ఏది?

ఈసారి వరస తిప్పారు. 2025 ఫిబ్రవరిలోనే ‘ల్యాబ్స్’ పేరిట ప్రీ-ఆల్ఫా (ఇంకా తయారీ తొలి దశలోనే ఉన్న) ఆట చూపించి, పరీక్షలకు బయటివారిని పిలిచారు. ఆగస్టు ఓపెన్ బీటాలో, పీసీ ఆటలు అమ్మే ఒక్క స్టీమ్‌లోనే ఒకే సమయంలో 5 లక్షల మందికి పైగా ఆడారు. సర్వర్లకు అసలు పరీక్ష అదీ.

ఇందులోనూ ఒక చిక్కు వదిలేశారు. ఆటలో మోసగాళ్లను ఆపే జావెలిన్ సాఫ్ట్‌వేర్ కోసం పీసీలో సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ మొదలయ్యేలా చూసే రక్షణ) తప్పనిసరి. రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) కొట్టి చూస్తే బయోస్ (పీసీని మొదలుపెట్టే ప్రోగ్రాం) మోడ్ ‘లెగసీ’ అని ఉందా? తొందరపడి బయోస్‌లో మార్చేస్తే విండోస్ లేవదు, ఎందుకంటే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటుంది. ముందు బ్యాకప్, తర్వాత ఎంబీఆర్2జీపీటీ అనే విండోస్ పనిముట్టుతో డిస్క్‌ను కొత్త జీపీటీ పద్ధతికి మార్చడం, అప్పుడు బయోస్‌లో లెగసీ బదులు యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్, ఆ పైన సెక్యూర్ బూట్. 70 డాలర్లు పుచ్చుకున్నవాళ్లు ఆటలోనే ఇంత విడమరచి చెప్పవచ్చు.

ఇక మిగతా ఇల్లు, అంటే ఈఏ ఇతర ఆటలు చూడండి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ‘జెడాయ్: సర్వైవర్’ ఖరీదైన గ్రాఫిక్స్ కార్డున్న పీసీల్లోనూ ఆగి ఆగి నడిచింది. ‘ఆంథెమ్’ సర్వర్ల మూతకు 2026 జనవరి 12 గడువు పెట్టారు. సర్వర్ లేకపోతే డబ్బు పెట్టి కొన్నవాడు ఒంటరిగానూ ఆడలేడు. 2013 మార్చిలో ‘సిమ్‌సిటీ’ నెట్ లేకుండా నడవదన్నారు, ఏడాదికి ఆఫ్‌లైన్ మోడ్ వాళ్లే ఇచ్చారు. ఆంథెమ్ కొన్నవారికి ఆ మాత్రం దక్కలేదు.

హైదరాబాద్‌లోనూ ఈఏ స్టూడియో ఉంది కాబట్టి ఇది మనకు మరీ దూరపు ముచ్చట కాదు. కంపెనీని 5,500 కోట్ల డాలర్లకు కొనే ఒప్పందం 2025 సెప్టెంబరులో కుదిరింది. అందులో 2,000 కోట్లు అప్పు. వడ్డీ గడువులు ముంచుకొస్తుంటే, తర్వాతి ఆటకు ఎనిమిది నెలల ముందే ల్యాబ్స్ తలుపు తెరవనిస్తారా? మా అనుమానమంతా అక్కడే.