మూడున్నర గంటల దూరానికి వారం రోజుల ఓడ

దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా ద్వీపం నుంచి ట్రిస్టన్ డా కున్హా అనే మరో ద్వీపానికి ఎంత దూరమని ఇంటర్నెట్‌లోని దూరాల కాలిక్యులేటర్‌ను అడిగి చూడండి. తడుముకోకుండా చెబుతుంది: 2,400 కిలోమీటర్ల పైచిలుకు, విమానంలో దాదాపు మూడున్నర గంటలు. చిక్కల్లా ఒక్కటే. ట్రిస్టన్‌లో విమానాశ్రయం లేదు. సెయింట్ హెలీనా నుంచి ముందు దక్షిణాఫ్రికాకు ఎగరాలి. అక్కడ కేప్‌టౌన్‌లో, ఏడాదికి కొన్నిసార్లే బయలుదేరే ఓడ కోసం కాచుకుని, వారం రోజులు అటూఇటూగా సముద్రం మీద గడపాలి. ఆ ఓడ కూడా రేవులో అలలు అనుకూలిస్తేనే మనుషుల్ని దించుతుంది.

కాలిక్యులేటర్ అబద్ధమాడిందని అనలేం. అడిగిన లెక్క చేసింది, అంతే. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళం మీద వాటి మధ్య అతి దగ్గరి దారిని కొలుస్తుంది. దాన్ని జెట్ విమానం వేగంతో, అంటే గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లతో భాగించి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలుపుతుంది. దూరం వరకు నాకు పేచీ లేదు. భూమి కచ్చితమైన గోళం కాకపోవడం వల్ల వచ్చే తేడా అర శాతం లోపే. పేచీ అంతా ఆ భాగహారంతోనే. మారుమూల ఊళ్ల పొట్టి రన్‌వేల మీద దిగేది ఎక్కువగా పంకాల విమానాలు. వాటి వేగం గంటకు 500 కిలోమీటర్లు ఉంటే గొప్ప. ఒక్కోసారి లెక్క రెండో వైపూ తప్పుతుంది. స్కాట్లండ్‌లోని వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల మధ్య 2.7 కిలోమీటర్ల విమాన ప్రయాణం రెండు నిమిషాల్లోపే ముగుస్తుంది. అరగంట కలిపే సూత్రానికి అది అంతుపట్టదు.

అయితే వేగం చిన్న విషయం. అసలు ప్రశ్న, ఆ రెండు ఊళ్లను కలపాలని ఎవరైనా అనుకున్నారా అన్నది. గ్రీన్‌లాండ్ రాజధాని నూక్, కెనడాలోని ఇకాలుయిట్ మధ్య దూరం సుమారు 800 కిలోమీటర్లు. రెండు చోట్లా ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యూట్ ప్రజలే ఎక్కువ, భాషలూ దగ్గరివే. అయినా నేరు విమానం లేని ఏళ్లలో నూక్ ప్రయాణికుడు తూర్పున ఐరోపా వైపు వెళ్లి, వెనక్కి దక్షిణ కెనడాలోని ఏదో మహానగరంలో దిగి, అక్కడి నుంచి మళ్లీ ఉత్తరానికి ఎగరాల్సి వచ్చేది. మధ్యనున్న సముద్రాన్ని నిందించి లాభం లేదు. ఒక ఊరి దారులు గ్రీన్‌లాండ్‌ను ఏలిన డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ కోసం వేసినవి, రెండో ఊరివి కెనడా రాజధాని ఒట్టావా కోసం. మారుమూల ఊళ్లకు పొరుగు ఊరి కంటే రాజధానే దగ్గర కావడం వలస పాలన నాటి అలవాటు. పటం మారినా ఆ అలవాటు పోలేదు.

నూక్‌లో 2024 నవంబరులో 2,200 మీటర్ల రన్‌వేతో కొత్త విమానాశ్రయం తెరిచారు. పెద్ద జెట్‌లు నేరుగా కోపెన్‌హాగెన్ నుంచి వస్తున్నాయి. ఇకాలుయిట్‌కు ఆ పొడవు అక్కర్లేదు, పాత పొట్టి రన్‌వే నుంచే చిన్న విమానం వెళ్లగలదు. కావలసింది టికెట్లు కొనేవాళ్లు, నష్టం భరించేవాళ్లు. 2025 వేసవిలో నేరు సర్వీసు తిరిగి మొదలైంది, వారానికి ఒక్కటి. ప్రయాణం రెండు గంటలే. చుట్టాన్ని ఒక పూట చూసి రావాలనుకున్నవాడు మాత్రం తిరుగు విమానం కోసం వారం ఆగాల్సి వచ్చింది.