బర్క్లీ క్యాంపస్ తమాషా పటం గారికి

కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయ ఆవరణను బొమ్మలతో, జోకులతో చూపే మ్యాపైన మహారాజశ్రీ పటం గారికి, పాత పటాలకు వయసు కట్టి, చిరుగులు అతికేవాళ్లం రాయునది ఏమనగా: మేము క్షేమం. తమరు మాత్రం నడుముకు నాలుగు మడతలతో, మూలమూలకూ సెల్లోటేపుతో అంత క్షేమంగా లేరు.

తమరి వంశం మాకు తెలియనిది కాదు. 1914లో చిత్రకారుడు మెక్‌డొనాల్డ్ గిల్ లండన్ భూగర్భ రైళ్ల కోసం నవ్వుల పటం గీశాక, ఇరవైల్లో, ముప్ఫైల్లో అమెరికా ఊళ్లకూ విశ్వవిద్యాలయాలకూ తమరివంటి వారు పుట్టుకొచ్చారు. దిక్సూచి దగ్గరో వెక్కిరింత, స్కేలు దగ్గరో వెక్కిరింత, లైబ్రరీ కంటే పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడు. ఇంటి ఆచారం, కాదనం.

కానీ కొండ ఏదండీ? బర్క్లీలో పడమటి నుంచి తూర్పుకు నడిస్తే అంతా ఎక్కుడే. తమరి ఒంటి మీద అరచెయ్యంత చదును! 307 అడుగుల గంటల గోపురం, సేథర్ టవర్ గీశారు, సరే. దాని అంతస్తుల్లో లా బ్రియా తారు గుంటల్లో దొరికిన పాతకాలపు జంతువుల ఎముకలు దాచారన్న అసలు తమాషా తట్టలేదా? స్టేడియం కిందుగా, ఈ గోలు నుంచి ఆ గోలు దాకా భూకంపాలు పుట్టించే నేలచీలిక, హేవర్డ్ భ్రంశం పోతుంటే, తమరు పైన బ్యాండుమేళం గీసి చేతులు దులుపుకున్నారు.

పుట్టిన ఏడు దాచినా భవనాలు చాడీలు చెబుతాయి. 1923 నాటి స్టేడియం ఉండి, 1930 నాటి విద్యార్థుల వసతి భవనం ఇంటర్నేషనల్ హౌస్ లేకపోతే, ఆ మధ్యలో పుట్టారనుకుంటాం. అక్కడే తమరు ముంచేది. కట్టబోయే భవనాన్ని ముందే గీసేస్తారు. జోకుకు చోటు చాలకపోతే కట్టిన భవనాన్నే మింగేస్తారు. అందుకే పదింతల భూతద్దం కూడా పెడతాం. ఒకే రంగు నిండుగా పూసినట్టు ఉండాల్సిన చోట నాలుగు రంగుల చుక్కలు పూరేకుల్లా అమరి ఉంటే, తమరు ఈమధ్య అచ్చయిన నకలే.

ఇక ఆ టేపు. దాని జిగురు కాగితంలోకి దిగి గోధుమరంగుకు తిరుగుతుంది. లామినేషన్ చేయించిన మహానుభావుడికైతే దండం. అది ఇక ఊడిరాదు. చిరుగు అతికే ముందు ఒక మూల నీటి చుక్క అద్ది రంగు కారుతుందేమో చూడాలి. కారకపోతే చిరుగు వెనక పల్చగా ఉన్నా గట్టిదైన జపాన్ కాగితం పీలిక, పల్చటి గోధుమ గంజి, పైన అద్దుడు కాగితం, రాత్రంతా బరువు. పీలికను చేత్తోనే చింపాలి. కత్తెర పడితే అంచు గట్టిగా నిలిచి, కొత్త మడత అక్కడే పడుతుంది.

ఇట్లు,
తమరి అతుకుల విధేయులు

తా.క.: ఫ్రేములో అద్దానికి ముఖం ఆనించకండి. చెమ్మ పడితే అతుక్కుపోతారు.