153 మాహాత్మ్యం

మన సాఫ్ట్‌వేర్ పరిశ్రమ దేని మీద నిలబడి ఉందని అడిగితే పెట్టుబడి అనీ, మేధస్సు అనీ, అమెరికా వీసా అనీ రకరకాల జవాబులు వినిపిస్తుంటాయి. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవారిని గానీ, ఇంజనీరింగ్ కళాశాలలో సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ రికార్డు రాసినవారిని గానీ అడిగితే మాత్రం, అది 153 అనే సంఖ్య మీద నిలబడి ఉందని తడుముకోకుండా చెబుతారు. ఒకటి ఘనం 1, అయిదు ఘనం 125, మూడు ఘనం 27. మూడూ కలిపితే మళ్ళీ 153. ఇదే ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య; ఇచ్చిన సంఖ్య ఇలాంటిదో కాదో తేల్చే ప్రోగ్రాం రాయమనడమే ల్యాబ్‌లోనూ, ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ అడిగే ప్రశ్న. సున్నాను, ఒకటిని పక్కన పెడితే ఇలా అంకెల ఘనాల మొత్తానికి సమానమయ్యే సంఖ్యలు 153, 370, 371, 407 మాత్రమే. ఉన్నవే నాలుగైనప్పుడు కాగితం మీద రాసి పెట్టుకుంటే పోదా, దీనికి ప్రోగ్రాం ఎందుకు అని అడిగేవారికి ఉద్యోగం మీద శ్రద్ధ లేదని గ్రహించాలి.

ప్రోగ్రాం రాయడానికి నియమనిష్ఠలున్నాయి. సంఖ్యను పదితో భాగించి శేషాన్ని పట్టుకోవాలి, దాని ఘనాన్ని మొత్తానికి కలపాలి, ఆ పైన సంఖ్యలోంచి చివరి అంకెను తొలగించాలి, ఏమీ మిగలనంతవరకు ఇలాగే సాగాలి. ఈ క్రతువు పూర్తయ్యేసరికి అసలు సంఖ్య సున్నా అయిపోతుంది కనుక దాని ప్రతిని ముందుగానే టెంప్ అనే వేరియబుల్‌లో దాచుకోవాలి. దాచనివాడి ప్రోగ్రాం మొత్తాన్ని సున్నాతో పోల్చి, సాక్షాత్తు 153నే ఆర్మ్‌స్ట్రాంగ్ కాదు పొమ్మంటుంది. ఘనం కోసం పౌ ఫంక్షన్‌ను నమ్ముకున్నవారికి మరో గండం పొంచి ఉంది. అది దశాంశాలతో లెక్క కట్టేది కావడంతో, కొన్ని పాత కంపైలర్లలో (ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్లలో) అయిదు ఘనం 125కు వెంట్రుకవాసి తక్కువగా వచ్చి, పూర్ణాంకంగా మార్చగానే 124 అయి కూర్చుంటుంది. 153 అంకెల ఘనాల మొత్తం 152 అని తేలిన ఆ క్షణంలో విద్యార్థి గణితాన్ని శంకిస్తాడే గానీ కంపైలర్‌ను శంకించడు.

ల్యాబ్ పరీక్షకు వచ్చే ఎగ్జామినర్లు దయామయులు. వారు ఇన్‌పుట్‌గా 153 తప్ప మరొకటి ఇవ్వరు. 1634 ఇచ్చి చూస్తే, నాలుగంకెల సంఖ్యకు నాలుగో ఘాతం తీసుకోవాలన్న సంగతి సగం రికార్డుల్లో లేదని బయటపడి అందరికీ ఇబ్బంది. అయిదంకెల 54748 ఇస్తే ఇంకా ప్రమాదం: టర్బో సి అనే పాత కంపైలర్‌లో ఇంట్ అనే పూర్ణాంక రకం పరిమితి 32767 కావడం వల్ల లోపలికి పోయినది 54748 అయినా అక్కడ కూర్చునేది −10788.

ఈ విద్యను చిన్నచూపు చూసినవారిలో పెద్దలు కూడా ఉన్నారు. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన ఆంగ్ల గణితజ్ఞుడు హార్డీ 1940లో సరిగ్గా ఈ నాలుగు సంఖ్యలనే ఉదహరించి, ఇవి పజిల్ శీర్షికలకు బాగుంటాయి తప్ప గణితజ్ఞుణ్ణి ఆకట్టుకునేదేమీ వీటిలో లేదని తేల్చేశాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్ళే అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు కాబట్టి క్షమించవచ్చు.

నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో 1962 వరకు బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ సంగతి వేరు. నాలుగంకెల సంఖ్య ఒకటి తీసుకుని, దాని అంకెలను పెద్దవి ముందుగా ఒకసారి, చిన్నవి ముందుగా ఒకసారి పేర్చి, పెద్ద సంఖ్యలోంచి చిన్నదాన్ని తీసివేసి, వచ్చినదానితో మళ్ళీ అలాగే చేస్తూ పోతే, మొదటి సంఖ్యలో అంకెలన్నీ ఒకటే కాకుంటే చాలు, ఏడు మెట్లకు మించకుండా 6174 వస్తుందని కనిపెట్టినవాడు ఆయన. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 మూడు మెట్లలోనే అక్కడికి చేరుతుంది. రాష్ట్రం విడిపోయిన 2014 మాత్రం 4086, 8172, 7443, 3996, 6264, 4176 మీదుగా ఏడు మెట్లూ ఎక్కి, చిట్టచివరకు అదే 6174 దగ్గర తేలుతుంది. ఇందులోని రాజకీయ సందేశాన్ని టీవీ చర్చలకు వదిలేయడం మంచిది.

పోస్ట్‌గ్రాడ్యుయేట్ పట్టా లేని కాప్రేకర్ ఈనాటి కంపెనీల కటాఫ్ దాటేవాడు కాడు గానీ, ఆయన లెక్కను ఇంటర్వ్యూల్లో 153 స్థానంలో పెట్టాలని ఈ వ్యాసకర్త సవినయంగా ప్రతిపాదిస్తున్నాడు. అభ్యర్థికి ముందు 2111 ఇవ్వాలి. మొదటి తీసివేతలో వచ్చే 999ను 0999గా రాసుకున్నవాడు 8991 మీదుగా గట్టెక్కుతాడు. ముందున్న సున్నాకు విలువేముందని వదిలేసినవాడు 999లోంచి 999 తీసేసి అక్కడే మునుగుతాడు. ఆ తరువాత 1111 ఇవ్వాలి. మొదటి మెట్టులోనే సున్నా వస్తుంది, 6174 వచ్చేదాకా ఆగవద్దని రాసిన ప్రోగ్రాం సున్నాలోంచి సున్నాను తీసేస్తూ అలాగే ఉంటుంది. అది ఆగనిదే ఇంటర్వ్యూ ముగియరాదని ఒక నిబంధన చేర్చితే, ఆ గదిలో ఉన్న అభ్యర్థికీ, ప్రశ్న అడిగిన అధికారికీ కూడా శాశ్వత ఉద్యోగ భద్రత ఏర్పడుతుంది.